'గలిగేవాడు', 'గలిగాడు': ఇంగ్లీషు 'కుడ్' ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

సంగ్రహంగా: ఒకప్పుడు ఉన్న నేర్పును, శక్తిని చెప్పడానికి ఇంగ్లీషులో 'కుడ్' సరిపోతుంది. ఒక్కసారి జరిగి ముగిసిన పనిని సాధించామని చెప్పాలంటే 'వజ్ ఏబుల్ టు', 'మేనేజ్డ్ టు', లేదా మామూలు భూతకాల క్రియ కావాలి. చేయలేకపోయిన పనికి రెండు సందర్భాల్లోనూ 'కుడంట్' చెల్లుతుంది. ఈ తేడా తెలుగు క్రియల చివర ఎప్పటినుంచో ఉంది. బడిలో నేర్పే ఒక పొట్టి సూత్రం దాన్ని చెరిపేస్తుంది.

తికమక ఎక్కడ మొదలవుతుంది

నిన్న సాయంత్రానికి నివేదిక పూర్తి చేసిన ఉద్యోగి పై అధికారికి 'ఐ కుడ్ కంప్లీట్ ద రిపోర్ట్' అని మెయిల్ పెట్టాడనుకుందాం. రాసినవారి మనసులో ఉన్నది 'పూర్తి చేయగలిగాను'. అధికారి కూడా తెలుగువారో, మరో భారతీయుడో అయితే సంగతి అర్థమైపోతుంది. లండన్‌లోనో డాలస్‌లోనో పుట్టి పెరిగినవారు చదివితే మాత్రం 'కావాలంటే పూర్తి చేయగలను' అన్నట్టు తోస్తుంది. పని ఇంకా కాలేదేమో అనుకుంటారు. వాక్యంలో వ్యాకరణ దోషమేమీ కనిపించదు కాబట్టి తప్పు ఎక్కడుందో ఇద్దరికీ అంతుపట్టదు.

చాలా తరగతి గదుల్లో ఈ పాఠం రెండు వాక్యాల్లో ముగుస్తుంది: 'కెన్' అంటే 'గలను', దాని భూతకాలం 'కుడ్' అంటే 'గలిగాను'. మొదటి వాక్యంతో పెద్ద ఇబ్బంది లేదు. రెండోదాంట్లోనే చిక్కు. 'కుడ్'కు దగ్గరి తెలుగు 'గలిగాను' కాదు, 'గలిగేవాణ్ని'. ఈ ఒక్క సవరణతో చాలా పొరపాట్లు తగ్గుతాయి.

తెలుగు క్రియాంతం చెప్పే తేడా

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

'తాతయ్య ఆ రోజుల్లో కొబ్బరిచెట్టు ఎక్కగలిగేవాడు, కానీ ఎప్పుడూ ఎక్కలేదు.'

'తాతయ్య ఆ రోజు కొబ్బరిచెట్టు ఎక్కగలిగాడు, కానీ ఎక్కలేదు.'

మొదటి వాక్యం సాఫీగా ఉంది. రెండోది తనను తానే కొట్టేసుకుంటోంది. 'ఎక్కగలిగాడు' అన్నాక చెట్టెక్కినట్టే, ఆ మాటను వెనక్కి తీసుకోవడం కుదరదు. 'గలిగేవాడు' శక్తి ఉండేదని మాత్రమే చెబుతుంది, 'గలిగాడు' పని అయిందని కూడా చెబుతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి 'హి కుడ్ క్లైంబ్', రెండోదానికి 'హి వజ్ ఏబుల్ టు క్లైంబ్' సరిపోతాయి.

మాట్లాడే తెలుగులో 'గలుగు' అంత తరచుగా రాదు. దాని బదులు 'కుదరడం', 'వీలవడం', 'దొరకడం', 'అందడం' వస్తాయి. తేడా మాత్రం అక్కడా చెక్కుచెదరదు. 'ఆదివారాల్లో ఊరికి వెళ్లడానికి కుదిరేది' అంటే 'ఐ కుడ్ గో హోమ్ ఆన్ సండేస్'. 'మొన్న ఆదివారం కుదిరింది' అంటే 'ఐ వజ్ ఏబుల్ టు గో హోమ్ లాస్ట్ సండే'. 'ఈత వచ్చేది' అన్నా, తెలంగాణ మాటలో 'ఈత వస్తుండె' అన్నా ఇంగ్లీషులో 'కుడ్ స్విమ్' అవుతుంది. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకునేవారు క్రియ చివర చూసుకుంటే చాలు. '-ఏవాడు', '-ఏది', '-ఏవాళ్లు' ఉంటే 'కుడ్'. '-ఆడు', '-ఇంది', '-ఆరు' ఉంటే 'కుడ్' పెట్టకూడదు.

ఇలాంటి తేడా ఇంకా చాలా భాషల్లో ఉంది. హిందీలో 'కర్ సక్‌తా థా' అంటే చేయగలిగేవాడు, 'కర్ సకా' లేదా 'కర్ పాయా' అంటే చేయగలిగాడు. స్పానిష్‌లో మొదటిదానికి 'పొదియా', రెండోదానికి 'పుదొ' అనే వేర్వేరు రూపాలున్నాయి. భాషాశాస్త్రవేత్త రాజేశ్ భట్ 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో హిందీ ఉదాహరణలతో ఈ సంగతిని చర్చించారు: సామర్థ్యాన్ని చెప్పే క్రియ 'ముగిసిన పని' రూపంలో ఉంటే పని జరిగిందనే అర్థం దానంతటదే వస్తుంది, 'సాగే పని' రూపంలో ఉంటే రాదు. ఇంగ్లీషు 'కుడ్'లో ఈ రెండు రూపాలకూ వేరువేరు ముగింపులు లేవు. అందుకే ఆ భాష ముగిసిన పని కోసం బయటినుంచి మరో పదబంధాన్ని తెచ్చుకుంటుంది.

'కుడ్' ఒంటరిగా ఎందుకు చాలదు

'కెన్' పాత ఇంగ్లీషు 'కున్నన్' నుంచి వచ్చింది. దాని అర్థం 'తెలిసి ఉండడం'. ఒక పని చేయడం తెలుసు అన్న భావం మెల్లగా 'చేయగలడు' అయింది. గ్రాంథిక తెలుగులో నేర్పును చెప్పే 'నేర్చు' ధాతువు 'చేయనేర్తును', 'చేయనేరను' వంటి రూపాల్లో సామర్థ్యాన్ని చెప్పడం ఇలాంటి ప్రయాణమే. తెలియడం అనేది ఒక స్థితి, అది ఒక క్షణంలో జరిగి ముగిసే పని కాదు. 'కుడ్' నేటికీ ఆ స్థితి స్వభావాన్ని వదల్లేదు.

రెండో కారణం మరింత బలమైనది. 'కుడ్' రూపానికి భూతకాలమైనా, దాని పనుల్లో చాలావాటికి గతంతో సంబంధం లేదు. 'కుడ్ యు ఓపెన్ ద విండో' మర్యాదైన అడగడం. 'ఇట్ కుడ్ రెయిన్ టునైట్' రాబోయే దాని గురించిన ఊహ. 'వి కుడ్ టేక్ ద ట్రెయిన్' ఒక సలహా. ఇన్ని పనులు మోసే మాట విడిగా వినిపిస్తే వినేవారికి ముందు వర్తమానమో భవిష్యత్తో తడుతుంది. అందుకే గతం గురించిన 'కుడ్' పక్కన కాలాన్ని స్థిరపరిచే ముక్క ఒకటి ఉంటుంది: 'వెన్ ఐ వజ్ సిక్స్', 'ఇన్ దోజ్ డేస్', 'బిఫోర్ ది యాక్సిడెంట్'. అది లేని 'ఐ కుడ్ స్విమ్ అక్రాస్ ద రివర్' అన్న వాక్యం 'నది ఈదేయగలను, కావాలంటే చూడండి' అన్నట్టుంటుంది.

ప్రశ్నల్లో ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ఇంటికి వచ్చిన అతిథిని 'ఇల్లు కనుక్కోగలిగారా' అని అడగబోయి 'కుడ్ యు ఫైండ్ ద హౌస్' అంటే అది 'ఇల్లు వెతికిపెడతారా' అన్న అభ్యర్థనలా వినిపిస్తుంది. 'వర్ యు ఏబుల్ టు ఫైండ్ ద హౌస్' అనాలి. వాడుకలో ఇంకా సహజమైనది 'డిడ్ యు ఫైండ్ ద హౌస్ ఓకే'. జవాబు కూడా 'యెస్, ఐ వజ్' లేదా 'యెస్, ఐ డిడ్'.

చూపు, వినికిడి: మినహాయింపులా కనిపించే చోటు

వ్యాకరణ పుస్తకాలు ఇక్కడ ఒక మినహాయింపు చెబుతాయి. 'సీ', 'హియర్', 'స్మెల్', 'టేస్ట్', 'ఫీల్', వాటితోపాటు 'అండర్‌స్టాండ్', 'రిమెంబర్' వంటి క్రియలతో ఒక్క సందర్భానికి కూడా 'కుడ్' వాడవచ్చని. ఉదాహరణకు 'ఐ కుడ్ హియర్ మ్యూజిక్ ఫ్రమ్ ద నెక్స్ట్ రూమ్'. దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు, కారణం తెలిస్తే గుర్తుండిపోతుంది.

ఇంగ్లీషులో ఈ క్రియలు సాధారణంగా '-ఇంగ్' రూపం తీసుకోవు. 'ఐ వజ్ హియరింగ్ మ్యూజిక్' అనేది మామూలు సందర్భంలో చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అయినా కొంతసేపు సాగిన వినికిడిని ఎలాగో చెప్పాలి కదా. ఆ ఖాళీని 'కుడ్ హియర్' పూరిస్తుంది. తెలుగులో చూస్తే ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. 'అప్పుడు పక్క గదిలోంచి పాట వినిపిస్తూ ఉంది' అంటే 'కుడ్ హియర్'. 'ఢామ్మని చప్పుడు వినిపించింది' అంటే 'హర్డ్'. రాత్రంతా కమ్ముకున్న పొగ వాసనకు 'కుడ్ స్మెల్', తలుపు తీయగానే ఒక్కసారి గుప్పుమన్నదానికి 'స్మెల్ట్'. అంటే ఇక్కడా 'కుడ్' సాగే స్థితికే అంటిపెట్టుకుంది. మినహాయింపు అనుకున్నది అసలు సూత్రంలోనే ఇమిడిపోయింది.

'లేకపోయాను' వైపు

చేయలేకపోయిన పనికి 'కుడంట్' ఎప్పుడూ చెల్లుతుంది. 'చిన్నప్పుడు ఈదలేకపోయేవాణ్ని' అన్నా, 'నిన్న తాళం తీయలేకపోయాను' అన్నా 'కుడంట్' సరైనదే. దీని వెనక ఉన్న తర్కం సులువైనది. శక్తి ఉన్నంత మాత్రాన పని జరిగినట్టు కాదు, కాబట్టి 'కుడ్' విన్నాక జరిగిందా లేదా అన్న ప్రశ్న మిగులుతుంది. శక్తి లేకపోతే పని జరగనట్టే, ఇక మిగిలే ప్రశ్న లేదు. 'వజంట్ ఏబుల్ టు' కూడా తప్పు కాదు. అది కొంచెం లాంఛనంగా ఉంటుంది. 'డిడంట్ మేనేజ్ టు' అంటే ప్రయత్నించి విఫలమయ్యారని.

'హార్డ్‌లీ', 'బేర్‌లీ', 'ఓన్లీ' వంటి మాటలు వాక్యాన్ని సగం వ్యతిరేకార్థంలోకి తిప్పుతాయి. అందుకే 'ఐ కుడ్ హార్డ్‌లీ స్టాండ్', 'ఐ కుడ్ గెట్ ఓన్లీ టూ టికెట్స్' అనే వాక్యాలు ఒక్క సందర్భానికి కూడా సహజంగా ఉంటాయి. 'రెండు టికెట్లే దొరికాయి' అన్న మాటలో దొరకని టికెట్ల బాధే ఎక్కువ.

ఈ వైపు తెలుగువారికి వచ్చే అసలు ఇబ్బంది వేరు. అది 'రాలేదు' అన్న మాటలో ఉంది. మగవారి విషయంలో 'రాలేదు', 'రాలేడు' వేర్వేరు. మొదటిది జరగనిది, రెండోది చేతకానిది. 'ఆమె రాలేదు' అన్నప్పుడు మాత్రం రెండు అర్థాలూ ఒకే రూపంలో ఉంటాయి. దానికితోడు రోజువారీ మాటల్లో 'జ్వరం, అందుకే నిన్న రాలేదు' అంటాం, 'రాలేకపోయాను' అని ప్రత్యేకంగా అనం. దాన్ని ఉన్నదున్నట్టు తిప్పితే 'ఐ డిడ్ నాట్ కమ్ యెస్టర్‌డే' అవుతుంది. ఇంగ్లీషు చెవికి అది రావాలనిపించక మానేసినట్టు, కాస్త పెడసరంగా కూడా వినిపిస్తుంది. సెలవు చీటీలో గానీ, క్షమాపణలో గానీ రావాల్సింది 'ఐ కుడంట్ కమ్'. నిస్సహాయతను తెలుగు సందర్భానికి వదిలేస్తుంది, ఇంగ్లీషు మాటల్లో పెట్టమంటుంది.

సాధించిన పనికి ఏ మాట

'వజ్ ఏబుల్ టు' తటస్థంగా ఉంటుంది: అవకాశం కుదిరింది, పని అయింది. 'మేనేజ్డ్ టు'లో కష్టం ఉంటుంది. తెలుగు 'ఎలాగోలా', 'ఎట్లనో అట్ల', 'మొత్తానికి' ఇందులోకి వస్తాయి. 'ఎలాగోలా ఆఖరి బస్సు అందుకున్నాం' అంటే 'వి మేనేజ్డ్ టు క్యాచ్ ద లాస్ట్ బస్'. కష్టమేమీ లేని పనికి దీన్ని తగిలిస్తే వింతగా ఉంటుంది. 'ఐ మేనేజ్డ్ టు ఈట్ బ్రేక్‌ఫాస్ట్' అంటే వినేవారు 'ఏం, ఒంట్లో బాగాలేదా' అని అడుగుతారు. 'సక్సీడెడ్ ఇన్' లాంఛనమైన రాతకు తగినది. దాని వెనక '-ఇంగ్' రూపం రావాలి: 'సక్సీడెడ్ ఇన్ రెడ్యూసింగ్ ద కాస్ట్'. 'సక్సీడెడ్ టు రెడ్యూస్' అనకూడదు.

ఈ మూడింటికంటే రోజూ మాట్లాడే ఇంగ్లీషులో ఎక్కువగా వినిపించేది మామూలు భూతకాలం. 'ఐ ఫౌండ్ ద కీస్', 'వి గాట్ ద టికెట్స్', 'షి పాస్డ్'. తెలుగులోనూ 'తాళాలు దొరికాయి' అంటామే తప్ప 'తాళాలు కనుక్కోగలిగాను' అనం. పని అయిందంటే శక్తి ఉన్నట్టే కదా. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో 'ఐ కుడ్ రెడ్యూస్ ద లోడ్ టైమ్' అనే బదులు 'ఐ రెడ్యూస్డ్ ద లోడ్ టైమ్' అనడం మేలు. మొదటిది అభ్యర్థి సాధించిన ఫలితాన్ని ఊహ స్థాయికి దించేస్తుంది.

'వజ్ ఏబుల్ టు'కు ఒక పరిమితి ఉంది. 'ఏబుల్' సాధారణంగా మనుషులకు, పనిచేసే సంస్థలకు, యంత్రాలకు వాడే మాట. కర్మణి వాక్యంలో అది ఇమడదు. 'ద డోర్ వజ్ ఏబుల్ టు బి ఓపెన్డ్' అనడం కృత్రిమం. తలుపు తెరుచుకునే వీలుండేదని చెప్పాలంటే 'ద డోర్ కుడ్ బి ఓపెన్డ్', ఆ రోజు తీశామని చెప్పాలంటే 'వి వర్ ఏబుల్ టు ఓపెన్ ద డోర్'.

'కుడ్ ఏబుల్ టు' ఎలా పుట్టింది

'ఐ కుడ్ ఏబుల్ టు ఫినిష్', 'ఐ కెన్ ఏబుల్ టు డు' అనేవి భారతదేశమంతా వినిపించే ప్రయోగాలు. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం 'కుడ్' వెంటనే ఒక క్రియ రావాలి. 'ఏబుల్' క్రియ కాదు, విశేషణం. దానికి ముందు 'బి', 'వజ్', 'వర్' వంటి తోడు లేకపోతే వాక్యం నిలబడదు. తెలుగులో 'గలుగు' స్వయంగా క్రియే కాబట్టి 'చేయ-గలిగ-ఆను' అని అతికించుకుంటూ పోవచ్చు. ఆ అలవాటులో 'ఏబుల్ టు' కూడా క్రియలాగే తోస్తుంది. దాన్ని గతంలోకి నెట్టడానికి ముందు 'కుడ్' తగిలిస్తారు.

మధ్యలో 'బి' చేర్చి 'కుడ్ బి ఏబుల్ టు' అంటే వ్యాకరణం కుదురుతుంది, అర్థం మారిపోతుంది. 'షి కుడ్ బి ఏబుల్ టు హెల్ప్' అంటే 'ఆమె సాయం చేయగలదేమో' అన్న ఊహ. గతంతో దానికి సంబంధం లేదు. సరిచేసుకోవడానికి దారి ఒకటే: గతం గురించి చెప్పే వాక్యంలోకి 'కుడ్', 'ఏబుల్' రెండూ వచ్చాయంటే ఒకటి తీసేయాలి.

వాడుకోని శక్తి: 'కుడ్ హ్యావ్'

తెలుగు '-ఏవాడు' రూపానికి ఇంకో పని కూడా ఉంది. 'డబ్బుంటే అప్పుడే ఆ స్థలం కొనగలిగేవాణ్ని' అన్న వాక్యంలో అది పాత అలవాటును చెప్పడం లేదు, జరగని సంగతిని చెబుతోంది. ఇక్కడ పై సూత్రాన్ని గుడ్డిగా పాటించి 'ఐ కుడ్ బై' అంటే అది ఇప్పటి మాట అయిపోతుంది. సరైనది 'ఐ కుడ్ హ్యావ్ బాట్ దట్ ప్లాట్'. తెలుగు వాక్యంలో 'ఉంటే', 'వస్తే', 'చెప్పి ఉంటే' వంటి షరతు ఉందంటే 'కుడ్' పక్కన 'హ్యావ్' చేరాలని గుర్తు. 'నువ్వు ఒక ఫోన్ చేసి ఉండొచ్చు కదా' అన్న నిష్ఠూరం కూడా 'యు కుడ్ హ్యావ్ కాల్డ్' అవుతుంది.

దీని వ్యతిరేకరూపం దారి మారుస్తుంది. 'హి కుడంట్ హ్యావ్ డన్ ఇట్' అంటే చాలాసార్లు 'అతను చేసి ఉండే అవకాశమే లేదు' అన్న గట్టి ఊహ. 'అతను చేయలేకపోయాడు' అనుకుని ఆ వాక్యం వాడితే అర్థం తారుమారవుతుంది.

'కుడ్' అసలు చొరబడలేని చోట్లు

'కెన్'కు 'టు' చేర్చిన రూపం లేదు, '-ఇంగ్' రూపం లేదు, 'హ్యావ్' వెనక వచ్చే రూపం కూడా లేదు. ఆ లోటంతా 'బి ఏబుల్ టు' భర్తీ చేస్తుంది. 'సోమవారం నుంచి నిద్రపోలేకపోతున్నాను' అన్నదాన్ని తెలుగువారు తరచూ 'ఐ యామ్ నాట్ ఏబుల్ టు స్లీప్ ఫ్రమ్ మండే' అంటారు. అప్పుడు మొదలై ఇంకా సాగుతున్న సంగతి కాబట్టి 'ఐ హ్యావంట్ బీన్ ఏబుల్ టు స్లీప్ సిన్స్ మండే' అనాలి. డాక్టరుకు లక్షణాలు చెప్పేటప్పుడు ఈ వాక్యం బాగా పనికొస్తుంది. 'కుడంట్ స్లీప్' అంటే ఆ బాధ ముగిసిపోయిందేమో అనిపిస్తుంది.

ఒకప్పుడు ఉండి ఇప్పుడు పోయిన శక్తికి 'యూజ్డ్ టు బి ఏబుల్ టు' ఉంది. 'కళ్లద్దాలు లేకుండా చదవగలిగేవాణ్ని, ఇప్పుడు కుదరడం లేదు' అనే భావాన్ని 'కుడ్' కూడా మోయగలదు, కానీ పోయిందన్న సంగతిని గట్టిగా చెప్పేది ఇదే.

అనుమతి విషయంలోనూ అదే గీత

'కుడ్' అనుమతికి కూడా వాడతారు. అక్కడా ఇదే విభజన కనిపించడం విశేషం. 'హాస్టల్లో ఆదివారాలు బయటికి వెళ్లనిచ్చేవారు' అంటే 'వి కుడ్ గో అవుట్ ఆన్ సండేస్'. 'నిన్న వెళ్లనిచ్చారు' అంటే 'వి వర్ అలౌడ్ టు గో అవుట్ యెస్టర్‌డే'. 'వెళ్లనివ్వలేదు' అన్నప్పుడు మళ్లీ 'కుడంట్' రెంటికీ సరిపోతుంది. శక్తి, అనుమతి వేర్వేరు భావాలైనా 'కుడ్' రెండు చోట్లా ఒకే గీత దగ్గర ఆగిపోతోంది.

రాతలో, పలుకులో

'కుడ్' స్పెల్లింగులో కనిపించే 'ఎల్' అక్షరం ఈ మాటకు పుట్టుకతో లేదు. మధ్యయుగపు ఇంగ్లీషులో అది లేకుండానే రాసేవారు. 'వుడ్', 'షుడ్' మాటల్లో 'ఎల్'కు చరిత్ర ఉంది, వాటి వరసలో చేర్చడానికి దీనికీ తగిలించారు. అందుకని దాన్ని పలకాల్సిన పని లేదు.

వేగంగా మాట్లాడేటప్పుడు 'కుడ్' నొక్కు కోల్పోయి 'కడ్' అన్నట్టు తేలిపోతుంది, 'కుడ్ హ్యావ్' 'కుడవ్' అవుతుంది. ఆ ధ్వనిని బట్టే కొందరు ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని తప్పుగా 'కుడ్ ఆఫ్' అని రాస్తుంటారు. 'కుడంట్'లో చివరి 'ట్' చాలాసార్లు నోటిలోనే ఆగిపోతుంది. అప్పుడు 'చేయగలిగేవాడు', 'చేయలేకపోయాడు' అన్న రెండు అర్థాల మధ్య తేడా నొక్కు మీదే ఆధారపడుతుంది: 'కుడ్' తేలికగా పోయి వెనక క్రియ మీద నొక్కు పడితే అవునని, 'కుడంట్' మీదే నొక్కు పడితే కాదని. ఫోనులో లైను సరిగా లేనప్పుడు ఆ నొక్కును నమ్ముకోకుండా 'వజంట్ ఏబుల్ టు' అని విడమరిచి చెబితే అవతలివారు తిరిగి అడగాల్సిన పని ఉండదు.